నోరు తెరిచే చోటు

2022 కనుమ, ఆదివారం. టెక్కలిలో మా ఇంట్లో గారెల బాణలి ఇంకా పొయ్యి మీదే ఉంది. మా మరిది హైదరాబాదులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. నేను మా ఊరికి దగ్గర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో అదే పని చేస్తాను. కరోనా మూడో విడత కారణంగా తెలంగాణలో విద్యాసంస్థల సెలవులు 30వ తేదీ వరకు పొడిగించారని ఆ రోజే తెలిసింది. ఆ వెనకే అతని కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది, రేపటి నుంచి పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పమని. ఆంధ్రలో మాత్రం మర్నాడే తెరుస్తున్నారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మర్నాడు నేను పొద్దున్నే బస్సెక్కాలి, అతను మా ముందు గదిలోనే కూర్చుని పాఠం చెప్పొచ్చు. అక్కడ మొదలైన మాట రాత్రి పొద్దుపోయే దాకా సాగింది. గుర్తున్నంత మేర రాస్తున్నాను. వదిన అన్న చోటల్లా నేనే. నాకొక పక్షం ఉంది, దాచను. అతని మాటల్లో బలం ఉన్న చోట దాన్ని తగ్గించి రాయలేదు.

మరిది: ఈసారి ఇబ్బంది లేదు వదినా. 2020 మార్చి నాటి కంగారు ఎవరికీ లేదు. పిల్లలకి అలవాటైపోయింది, మాకూ అలవాటైపోయింది.

వదిన: అలవాటైతే అయింది. ఇంగ్లీషు వచ్చిందా?

మరిది: అంత సూటిగా అడిగితే ఎలా? ముందుకంటే ఎంత వచ్చింది, ఎవరికి వచ్చింది అని అడగాలి.

వదిన: అలాగే అడుగుతాను. మార్చి 22 జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. మా పిల్లలు హాస్టల్ నుంచి రెండు జతల బట్టలతో ఇళ్ళకి వెళ్ళారు. వారం పది రోజుల్లో వచ్చేస్తామనుకున్నారు. పుస్తకాలు పెట్టెల్లోనే ఉండిపోయాయి. నేను పాఠ్యపుస్తకం పేజీ పేజీకీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కొందరి ఫోనుల్లో ఆ ఫోటోలు తెరుచుకోలేదు. జూమ్‌లో క్లాసు పెడితే నలభై నిమిషాలకి తెగిపోయేది, ఉచితం కదా. మళ్ళీ లింకు పంపితే సగం మందే తిరిగి వచ్చేవారు. నలుగురు ప్రశ్న అడిగారంటే ఆ రోజు మంచి రోజు. అదేనా అలవాటైంది?

మరిది: అది ఆన్‌లైన్ విద్య కాదు. నేను మొదటి నుంచీ ఇదే చెబుతున్నాను. లాక్‌డౌన్ మొదలైన ఆ వారంలోనే, 2020 మార్చి 27న, చార్లెస్ హాడ్జెస్, ఆయన సహచరులు అమెరికాలో ఒక వ్యాసం రాశారు. ఇప్పుడు అందరం చేస్తున్నది ఆపత్కాలంలో దూరం నుంచి చెప్పడం మాత్రమే, దీన్ని చూసి ఆన్‌లైన్ విద్య మీద తీర్పు చెప్పకండి అని. ఇల్లు తగలబడుతుంటే బిందెలతో నీళ్ళు పోశాం. బిందెతో ఊరికి మంచినీళ్ళు అందవని తేల్చేస్తే పంపులు వేసేదెవరు?

వదిన: పోలిక బాగుంది. కానీ ఆ బిందెలే రెండేళ్ళు నడిచాయి. మా ఆంధ్రలో 2020 నవంబరులో తెరిచారు, మీ తెలంగాణలో 2021 ఫిబ్రవరి ఒకటిన తెరిచి మార్చి 24న మళ్ళీ మూశారు. తర్వాత రెండో విడత. మూడేళ్ళ డిగ్రీలో రెండేళ్ళు ఆపత్కాలమే అయితే, ఆ పిల్లవాడికి తెలిసిన విద్య అదే.

మరిది: దూరం నుంచి నేర్చుకోవడం మనకేం కొత్త? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది హైదరాబాదులోనే, 1982లో. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇవాళ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. ఇందిరాగాంధీ పేరున్న జాతీయ సంస్థ కంటే మూడేళ్ళు ముందు. పెళ్ళయి చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు, డ్యూటీలు చేసుకునేవాళ్ళు ఎందరు దాని వల్ల డిగ్రీ గడప తొక్కారు! తరగతి గదిలో ఎదురుగా కూర్చోకపోతే చదువే కాదంటే వాళ్ళందరినీ కాదన్నట్టే కదా.

వదిన: వాళ్ళను కాదనను. మా పెద్దాడపడుచు అలాగే చదివింది. కానీ ఆమె ప్రతి ఆదివారం ఎక్కడికి వెళ్ళేదో గుర్తుందా? స్టడీ సెంటర్‌కి. ఆ విశ్వవిద్యాలయం కట్టినవాళ్ళకి తెలుసు, పుస్తకం పోస్టులో పంపొచ్చు కానీ మనిషిని మాత్రం వారానికొకసారైనా రప్పించాలని. ఆదివారాల్లో ఎదురెదురుగా కూర్చునే తరగతులు పెట్టారు. మనం 2020లో దాన్నే తీసేశాం. తీయక తప్పలేదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ తీసెయ్యడాన్నే పద్ధతి అంటున్నారు, అక్కడే నా పేచీ.

మరిది కాసేపు ఏమీ అనలేదు. గారె తుంచుకుని కోడికూరలో అద్దుకుంటూ ఆలోచిస్తున్నాడు. అతని అలవాటు నాకు తెలుసు, ఓడిపోయినప్పుడు మాట్లాడకుండా ఉండడు, కొత్త వైపు నుంచి వస్తాడు.

మరిది: ఒక లెక్క చెప్పండి. మీ జనరల్ ఇంగ్లీషు క్లాసులో ఎంతమంది?

వదిన: అరవై మంది. కొన్ని సెక్షన్లలో ఇంకా ఎక్కువ.

మరిది: పీరియడ్ యాభై నిమిషాలు. హాజరుకి ఐదు. మీరు ఒక్క ముక్క మాట్లాడకుండా అంతా వాళ్ళకే వదిలేసినా, మనిషికి నిమిషం రాదు. కానీ మీరు మాట్లాడతారు. నేనూ మాట్లాడతాను. నిజానికి మన తరగతుల్లో రోజుకి ముగ్గురు నలుగురు మాట్లాడతారు. ఎప్పుడూ వాళ్ళే, మొదటి రెండు బెంచీల వాళ్ళు. మా ఇంగ్లీషు ల్యాబ్‌లో జామ్ పెడతాం. ఒక్కొక్కరు ఒక్క నిమిషం ఏదో ఒక విషయం మీద మాట్లాడాలి. ఏడాదంతా అందులో నోరు విప్పని పిల్లలు నాకు పదిహేను మంది ఉండేవారు. లేచి నిలబడతారు, చెవులు ఎర్రబడతాయి, సారీ సార్ అని కూర్చుంటారు. వాళ్ళలో పన్నెండు మంది గొంతు నేను మొదటిసారి విన్నది 2020లో. వాట్సాప్‌లో.

వదిన: వాయిస్ మెసేజ్‌లా?

మరిది: అవే. వీడియో క్లాసు గంట నడిస్తే వందల ఎంబీలు ఖర్చవుతాయి, రోజువారీ డేటా అక్కడే అయిపోతుంది. నిమిషం వాయిస్ మెసేజ్ ఒక మామూలు ఫోటో అంత కూడా ఉండదు. సిగ్నల్ వచ్చినప్పుడు దానంతటదే వెళ్తుంది. అందుకని క్లాసులు తగ్గించి, రోజుకొక ప్రశ్న ఇచ్చాను. మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేదెవరు? మీ ఊళ్ళో వాన పడితే ఏం జరుగుతుంది? ఒక్క నిమిషం చెప్పి పంపండి. అరవై మందివి విని, ఒక్కొక్కరికీ నా గొంతుతోనే జవాబు పంపాను. రాత్రి పన్నెండయ్యేది. మా ఆవిడ విసుక్కుంది కూడా. కానీ వదినా, పదేళ్ళ ఉద్యోగంలో నా క్లాసులో ప్రతి ఒక్కరి ఇంగ్లీషు ఎలా ఉందో నాకు తెలిసిన సంవత్సరం అదొక్కటే.

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్న నేను వెనక బెంచీల్లో ఎంతమంది గొంతు వినకుండానే డిగ్రీలు ఇచ్చి పంపానో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఆ లెక్క నన్ను ఇంకా వదల్లేదు.

వదిన: నువ్వు చేసింది గొప్ప పని. అందులో నాకు సందేహం లేదు. కానీ దాన్ని మాట్లాడటం అందామా? ఆ అమ్మాయి ప్రశ్న చూసుకుంటుంది, రాసుకుంటుంది, నాలుగుసార్లు చెప్పి చెరిపేసి ఐదోసారి పంపుతుంది. అది చదవడం. మాట్లాడటమంటే ఎదుటివాడు ఏమంటాడో తెలియకుండా నోరు తెరవడం. 2009లో పది భాషల మీద ఒక పరిశోధన వచ్చింది. ఒకరు ఆపాక రెండోవారు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్లు. సెకనులో అయిదో వంతు. అంటే ఎదుటివాడి వాక్యం పూర్తి కాకముందే మనం జవాబు అల్లుకుంటున్నామన్న మాట. ఇంగ్లీషులో మా పిల్లలకి రాని విద్య అదే. పదాలు వచ్చు, వ్యాకరణం వచ్చు, అందుకోవడం రాదు. నీ ఫోనులో ఆ అందుకోవడం లేనే లేదు. వీడియోలోనూ లేదు. మాట అటు చేరి ఇటు వచ్చేసరికి ఆలస్యం. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగిపోతారు, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటారు. ఆ తర్వాత అందరూ మ్యూట్.

మరిది: అందుకోవడం రావాలంటే ముందు నోట్లో మాట ఉండాలి కదా. ఆ మాట నోట్లో పడేదాకా ఎవరూ చూడని చోటు కావాలి కొందరికి. ఈత నేర్చుకునేవాణ్ణి నడి ఏట్లో తోసెయ్యం.

వదిన: ఒడ్డున పడుకుని చేతులాడిస్తే కూడా ఈత రాదు.

మరిది: సరే, ఉచ్చారణ సంగతి చెప్పండి. మన తెలుగు నోటికి వీ, డబ్ల్యూ రెండూ ఒకటే. పడమర దిక్కు వెస్టూ, లోపల తొడుక్కునే వెస్టూ మనం ఒకేలా అంటాం. మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి పై పళ్ళు కింది పెదవికి తగలాలి. నేను ఫోన్ కెమెరాకి నోరు దగ్గరగా పెట్టి చూపించాను. చివరి బెంచీ అన్నదే లేదు, అందరికీ అరచేతిలో నా పెదవులు. కాలేజీలు తెరిచాక మాస్కు కట్టుకుని ఏం చూపించగలిగారు మీరు?

వదిన: ఏమీ చూపించలేకపోయాను. అది నిజం. 2020 నవంబరులో మాస్కు లోంచి వీ అంటే డబ్ల్యూలా, డబ్ల్యూ అంటే ఏమీ కానట్టు వినిపించింది. బోర్డు మీద పెదవుల బొమ్మ గీశాను. కానీ నువ్వు చూపించావు సరే, వాళ్ళు అన్నది నీకు వినిపించిందా? మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. ఎస్‌కీ ఎఫ్‌కీ తేడా చెప్పే బుస చాలావరకు ఆ పైనే ఉంటుంది. ఫోనులో పేరు చెబుతూ ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫ్యాన్ అని విడమర్చుకుంటాం, అందుకే. ఇంటర్నెట్ మాట దానికంటే మెరుగే, కానీ నెట్ లేక కాల్ చేసి వినేవాళ్ళూ, చవక బ్లూటూత్ పెట్టుకునేవాళ్ళూ ఎంతమంది! పిల్లవాడు తప్పు పలికాడా, లైను తప్పు మోసిందా అని తెలియక ఎన్నిసార్లు ఊరుకున్నానో.

ఈ పెదవుల సంగతి మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. అదంతా రాస్తే ఇంగ్లీషు మాస్టర్లకి తప్ప ఇంకెవరికీ పట్టదు. అతను మళ్ళీ పెద్ద విషయానికి వచ్చాడు.

మరిది: అసలు మీ కోపం నెట్ మీదా, ఫోన్ల మీదా? ఫోన్లు లేవు అన్న మాట పాతబడింది వదినా. 2017–18 జాతీయ నమూనా సర్వే లెక్క అందరూ ఎత్తి చూపేవారు, పల్లెల్లో ఇంటర్నెట్ అందుబాటులో ఉన్న ఇళ్ళు 14.9 శాతం, కంప్యూటరున్న ఇళ్ళు 4.4 శాతం అని. ఆ తర్వాత డేటా చవకైంది, ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఏ ఊరెళ్ళినా ఇంటికొక స్మార్ట్‌ఫోన్ ఉంది.

వదిన: ఇంటికొకటి. ఆ మాట నువ్వే అన్నావు. ఇంటికొకటి అంటే అది ఎవరిది? నాన్నది, లేకపోతే అన్నది. పొద్దున్న ఆయన పనిలోకి వెళ్తే ఫోనూ వెళ్తుంది. మా బీకాం రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది, తెలివైన పిల్ల. క్లాసు పదకొండింటికి. వాళ్ళ నాన్న సాయంత్రం ఆరింటికి వస్తాడు. నేను పెట్టిన రికార్డింగు ఆమె రాత్రి చూడాలి. రాత్రి అయితే, ఆడపిల్లకి రాత్రి పూట ఫోనేమిటని అమ్మ లాక్కుంటుంది. పలాసలో జీడి ఫ్యాక్టరీలు తెరిచాక ఆ పిల్ల పప్పు ఒలిచే పనిలో చేరింది. కాలేజీ తెరిచాక వచ్చింది చూడు, జీడి రసానికి వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఆ చేతులతో హాజరు పుస్తకంలో సంతకం పెట్టింది. తను వచ్చింది. రానివాళ్ళున్నారు. ఇద్దరు ఆడపిల్లలకి ఆ వేసవిలోనే పెళ్ళిళ్ళు చేసేశారు.

మరిది: అది కరోనా చేసిన అన్యాయం. ఆన్‌లైన్ పాఠం చేసింది కాదు.

వదిన: విను. ఫోను ఉన్నవాళ్ళ సంగతే చెబుతాను. ఒక గది ఇల్లు. తాతయ్య మంచం, టీవీ, వంట, అన్నీ అందులోనే. నేను జూమ్‌లో ఒకమ్మాయిని లేపి, నిన్న ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పమన్నాను. మైకు తెరిచింది. రెండు మాటలు అంది. వెనక నుంచి నవ్వు వినిపించింది. తమ్ముడో, పక్కింటివాళ్ళో. మైకు మూసేసింది. ఆ సంవత్సరం మళ్ళీ తెరవలేదు. కెమెరాలు ఎందుకు ఆపుకుంటారని అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పిల్లల్ని అడిగితే, అన్నిటికంటే ఎక్కువమంది చెప్పిన కారణం మా రూపం ఎలా కనిపిస్తుందోననట. మా పిల్లలకి రూపం ఒక్కటే కాదు, వెనక గోడ కనిపించకూడదు, గొంతు కూడా వినిపించకూడదు. నువ్వు హైదరాబాదులో ఉన్నావు. అక్కడ షాపులో, బస్సులో, సినిమా హాల్లో నాలుగు ఇంగ్లీషు మాటలు చెవిన పడతాయి. మా పిల్లలకి ఇంగ్లీషు ఉన్న చోటు ప్రపంచంలో ఒక్కటే, ఆ తరగతి గది. సీతంపేట కొండల నుంచి వచ్చే సవర పిల్లలున్నారు. వాళ్ళకి ఇంట్లో సవర, బజారులో తెలుగు, ఇంగ్లీషు మూడోది. ఆ గదిలో తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరూ అదే తప్పు మాట్లాడతారు. నేను పదిహేనేళ్ళు కష్టపడి కట్టుకున్నది పాఠం కాదు, ఆ నవ్వని గది. లాక్‌డౌన్‌లో పాఠాన్ని ఇళ్ళకి పంపగలిగాం. గదిని పంపలేకపోయాం.

మరిది: ఇది నాకు తట్టలేదు.

వదిన: మన జిల్లా పెద్దాయనే ఉన్నాడు కదా, గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులు. సవర భాషకి వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. ఏ పుస్తకం చూసి నేర్చుకున్నాడు? పుస్తకమే లేదు. మాట్లాడే మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ళ నోటి నుంచి విని, తప్పులు పలికి, దిద్దించుకుని నేర్చుకున్నాడు. భాష మనిషి నోట్లో ఉంటుందని నమ్మి, వాడుక భాష కోసం చివరిదాకా పోరాడాడు. ఆ నేల మీద కూర్చుని మనం, ఎదుట మనిషి లేకుండా ఇంకో భాష నేర్పుదామంటున్నాం.

మరిది: గిడుగు వారికి వాయిస్ మెసేజ్ దొరికి ఉంటే కొండ మీది మనిషి మాటను రాత్రి ఇంటికొచ్చి పదిసార్లు వినేవారు. ఆయన దాన్ని వద్దనే మనిషి కాదు.

ఆ మాట నాకు నచ్చింది. అన్నాను కూడా. అది దొరికి ఉంటే గిడుగు వారు రెండూ చేసేవారు, పొద్దున కొండకి వెళ్ళేవారు, రాత్రి విని రాసుకునేవారు. మేమిద్దరం కొంచెం దగ్గరికి వచ్చింది అక్కడే. ఆ తర్వాత కాసేపు మా ఇద్దరి కాలేజీల్లో ఆ రెండేళ్ళు జరిగిన తతంగం చెప్పుకున్నాం. క్లాసు జరిగినట్టు రోజూ స్క్రీన్‌షాట్ పంపాలి. లాగిన్ అయితే హాజరు పడ్డట్టే. పిల్లవాడు లాగిన్ చేసి ఫోను గూట్లో పెట్టి నాట్లకి వెళ్ళినా హాజరే. అసైన్‌మెంట్లు అరవై వస్తే అందులో నాలుగే చేతిరాతలు, మిగతావి వాటికి ఫోటోలు. గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకులు ఎందరో ఆ నెలల్లో ఏమీ అందక అప్పులు చేశారు. ఇవి చెప్పుకుంటుంటే ఇద్దరికీ ఒకటే బాధ.

వదిన: ఇప్పుడు అసలు భయం చెబుతాను. 2021 మేలో యూజీసీ ఒక పత్రం పంపింది, మిశ్రమ పద్ధతి అని. ప్రతి కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్, 60 శాతం ఎదురుగా. చదివావా?

మరిది: చదివాను. నాకు నచ్చింది. బిందెలు పక్కన పెట్టి పంపులు వేద్దామంటున్నారు.

వదిన: అది వచ్చిన కొద్ది వారాలకే, జూన్‌లో, ఆంధ్రలో డిగ్రీ కోర్సులన్నీ 2021–22 నుంచి ఇంగ్లీషు మీడియమే అన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఇంటర్ రెండో సంవత్సరం కొంత ఫోనులో చదివిన పిల్లవాడు, పరీక్ష కూడా రాయకుండా పాసైన పిల్లవాడు, ఇప్పుడు నా దగ్గరికి వచ్చాడు. తెలుగులో చదివిన చరిత్ర, అర్థశాస్త్రం ఇంగ్లీషులో రాయాలి. వాడికి కావలసింది ఇంగ్లీషు తరగతి. అది ఎప్పటికంటే ఎక్కువ కావాలి. సరిగ్గా ఇప్పుడే దానిలో అయిదింట రెండు వంతులు తీసి ఫోనులో పెట్టుకోవచ్చు అంటే, ఏమవుతుందో నాకు తెలుసు. ఇంగ్లీషు లెక్చరర్ పోస్టు ఖాళీ అయితే నింపరు. 40 శాతం ఆన్‌లైనే కదా, ఒకరు చాలు అంటారు.

మరిది: అంటే మీ అభ్యంతరం పత్రానికి కాదు, దాన్ని వాడుకునే తీరుకి.

వదిన: రెండూ వేరని నువ్వు అనుకుంటున్నావు. ముప్పై మందికి ఒక మాస్టారున్న చోట ఆ పత్రం మంచిదే కావచ్చు. మా దగ్గర అది కోతే.

మరిది: అయితే మీ చేతిలో ఉంటే ఏ 40 శాతం పంపుతారు? ఒట్టిగా వద్దు అనకండి. ఏదో ఒకటి పంపాలంటే?

వదిన: నా ఉపన్యాసం పంపుతాను. కర్మణి వాక్యం ఎలా కట్టాలి, వ్యాసం ఎలా విడగొట్టాలి, గద్యపాఠం సారాంశం, ఇవన్నీ రికార్డు చేసి పంపుతాను. అవి పదిసార్లు వినొచ్చు, ఆపి వినొచ్చు. నేను బోర్డు ముందు నిలబడి ఇరవై రెండేళ్ళు వృథా చేసింది వాటి మీదే. నీ వాయిస్ మెసేజ్ కూడా పెడతాను, నువ్వు చెప్పాక కాదనలేను. కానీ జామ్, గ్రూప్ డిస్కషన్, రోల్ ప్లే, ఇద్దరిద్దరు కూర్చుని పోట్లాడుకునే గంటలు మాత్రం ఒక్కటి కూడా గది దాటనివ్వను. అరవై మందిని రెండు బ్యాచ్‌లు చేసి, ఆ గంటలు రెట్టింపు చేయమంటాను. చేస్తారా మీ యాజమాన్యాలు, మా ప్రభుత్వం? చేయరు. ఉపన్యాసం చెప్పే గంటలే గదిలో ఉంచుతారు, సిలబస్ అయిందని చూపించడానికి. మాట్లాడే గంటలు ఆన్‌లైన్‌కి తోస్తారు. మా దగ్గర అప్పుడే ఆ మాట వినిపిస్తోంది.

మరిది: మా దగ్గర అలాగే చేశారు. ల్యాబ్ గంటలే ముందు తీశారు.

అతను ఆ మాట నెమ్మదిగా అన్నాడు. ఓడించానన్న సంతోషం నాకు కలగలేదు. పిల్లలు పడుకున్నారు. అతను ఫోను తీసి ఏదో వెతుకుతున్నాడు.

మరిది: ఒకటి వినిపిస్తాను. చెప్పానే, పన్నెండు మంది అని. వాళ్ళలో ఒకమ్మాయిది. పాలమూరు వైపు. ల్యాబ్‌లో ఒక్కనాడూ నోరు విప్పలేదు. వాళ్ళ ఊరి చెరువు గురించి చెప్పమంటే పంపింది. 2020 అక్టోబరు, రాత్రి పదకొండు దాటాక.

వినిపించాడు. డాబా మీద ఉన్నట్టుంది, గాలి చప్పుడు, దూరంగా కుక్కలు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. చెరువుకి అలుగు పారిందట. పన్నెండేళ్ళ తర్వాత. ఊరంతా చూడటానికి వెళ్ళారట. ఆ వాక్యం మధ్యలో కింద నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది, ఎవలతోని మాట్లాడుతున్నవే అని. కాలేజి పాఠం చెప్తున్ననే అమ్మా, అంది పిల్ల. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఊరంతా చూడటానికి వెళ్ళారు అన్న ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మొదటి మాట దగ్గర నుంచి మళ్ళీ అందుకుని పూర్తి చేసింది. ఈసారి క్రియ కూడా సరిచేసుకుంది.

వదిన: అమ్మ మాట పడ్డాక కూడా ఇదే పంపిందా? చెరిపేసి మళ్ళీ చెప్పొచ్చు కదా.

మరిది: నేనూ అడిగాను. అంతకుముందు ఆరుసార్లు చెప్పి చెరిపేసిందట. ఫోను అన్నకి ఇచ్చే టైమైపోయింది సార్, అందుకే ఇదే పంపాను అంది.

వదిన: కాలేజీ తెరిచాక?

మరిది: తెరిచాక ల్యాబ్‌లో లేచింది. రెండు నిమిషాలు మాట్లాడింది. మళ్ళీ మూసేశారు. రేపు పదింటికి నా క్లాసులో ఆ అమ్మాయి ఉంటుంది. ఫోను తన చేతిలో ఉంటే.

వదిన: ఇంకోసారి పెట్టు.